గాజులో ఎర్ర కెటిల్

ఔలు పట్నంలో జనవరి.
మూడు కొట్టకముందే వెలుతురు
కోటు తొడుక్కుని వెళ్ళిపోతుంది.
మా వంటింటి పక్కన మాత్రం
నాలుగువందల లీటర్ల ఉప్పునీళ్ళలో
ఎవరో ఒక మధ్యాహ్నాన్ని మరిచిపోయినట్టుంటుంది.

మరిచిపోయింది తౌనో.
సోఫా పట్టుకెళ్ళాడు, కాఫీ గింజల మర పట్టుకెళ్ళాడు.
పగడాల దిబ్బని కువోపియో దాకా ఎవరు మోస్తారు?
"వారానికోసారి నీళ్ళు మార్చు" అన్నాడు గుమ్మంలో.
ఏదో అందామని
నేను నీళ్ళు నమిలాను.

పగడం పెరుగుతోందో లేదో తెలియాలిగా,
ఫొటోలు మొదలెట్టాను.
అన్నీ ఒకటే నీలం.
నీలిమందు తొట్టిలో ముంచి తీసిన గుడ్డంత నీలం.
నా కంటికి ఆనిన నారింజ, ఆ లేత ఊదా,
కెమెరా కంటికి లేనే లేవు.

చేపల కొట్లో ఇల్మారి నవ్వాడు.
"కెమెరాని తిట్టకు రైలీ, ముందు గాజు తుడువు.
లోపల అయస్కాంతంతో, బయట పాత బనీనుతో.
తెల్ల లైట్లు పెంచు, నీలం తగ్గించు,
లెన్స్ ముందు నారింజ ఫిల్టర్ పెట్టు.
ఏటవాలుగా నిలబడకు.
పక్కనుంచి చూస్తే ఎవరైనా చెదిరే కనిపిస్తారు.
ఇంకోటి, పంపులు ఆపు.
పావుగంటే సుమా!
నేనోసారి ఆపి నిద్రపోయాను" అని
అక్కడితో ఆగాడు.
తర్వాతేమైందో నేనూ అడగలేదు.

పంపులు ఆపాను.
ఇన్నాళ్ళూ ఇంట్లో నిశ్శబ్దం అనుకున్నది
పంపుల మోతే అని అప్పుడు తెలిసింది.
నిండుకుండ తొణకలేదు.
ఊగేవన్నీ ఊగడం మానాయి.
ఇసుక నలుసులు ఒక్కొక్కటే
కూర్చునే చోటు వెతుక్కున్నాయి.

స్టాండు బిగించి, ఊపిరి బిగబట్టి నొక్కాను.
సుత్తి పగడం మీద ఎర్ర కెటిల్!
ఇంకోటి. పగడం మీద కెటిల్, కెటిల్ పక్కన నేను.
దీపాలార్పాను, తెర లాగాను.
నల్ల స్వెట్టరు వేసుకుని
లెన్స్ చుట్టూ నల్లగుడ్డ చుట్టి
నా ఇంట్లో నేనే దొంగలా వంగి
నలభయ్యో యాభయ్యో తీశాను.

చివరికొకటి కుదిరింది.
ప్రతి వేలికొనా పచ్చగా, విడివిడిగా.
రాతిసందులో పీత, దాని కన్ను,
కన్ను మీద ఆవగింజంత మెరుపు.
కెటిల్ లేదు. కిటికీ లేదు. నేను లేను.
కొట్లో గోడకి తగిలించే బొమ్మలా ఉంది.

పోల్చి చూద్దామని
రెండేళ్ళ కిందటి ఫొటోలు తెరిచాను.
వంకరవి, మసకవి, మళ్ళీ అదే నీలం.
అప్పుడు సుత్తి పగడానికి మూడే తలలు
(ఇప్పుడు పదకొండు, రెండుసార్లు లెక్కపెట్టాను).
గాజు మీద అదే ఎర్ర కెటిల్,
దాని పక్కన గళ్ళ చొక్కా.
తౌనో.
మేత డబ్బా పట్టుకుని వంగున్నాడు,
సగం ముఖాన్ని ఫ్లాష్ మింగేసింది,
మిగిలిన సగంలో
మీసం మీదుగా పసుప్పచ్చ గోబీ చేప ఈదుకుంటూ పోతోంది.

దాని తర్వాతి దాంట్లో నేనూ ఉన్నాను.
కెమెరా వెనక నోరు తెరిచి
అతనితో ఏదో అంటున్నాను.
పెద్దది చేసి చూశాను. చుక్కలు చుక్కలైపోయింది నోరు.
ఏమంటున్నానో గుర్తు రాలేదు.
కాసేపు
మంచి మాటేదో అయ్యుంటుందని అనుకోనిచ్చాను నన్ను.
కానీ నా సంగతి నాకు తెలుసు.
"జరుగు తౌనో, అడ్డమొస్తున్నావ్."
అదే అయ్యుంటుంది.

గడియారం చూస్తే ఇరవైరెండు నిమిషాలు!
పరుగెత్తి పంపులు వేశాను.
పీత లోపలికి పోయింది.
పగడాలు ఒకటొకటిగా ఊగడం అందుకున్నాయి.
వంటింట్లో దీపం వేశాను,
కెటిల్ కూడా.